ఎందుకు? ఎలా?: జేబులో 1600 కోట్ల గళ్ళు

ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి నాలుగు పేజీలు వున్నది. ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి రాసింది. ఆమె అడిగిన సంగతి మీలో చాలామందికి పనికివస్తుంది కనక ఉత్తరాన్ని కుదించి ఇక్కడ ఇస్తున్నాను.

"తాతయ్యగారికి నమస్కారాలు. మా ఇంట్లో 16 జీబీల పెన్ డ్రైవు ఒక్కటే వున్నది. దానిలో మా అమ్మమ్మ పాడిన పాటలు 27 వున్నాయి. అమ్మమ్మ పోయి రెండేళ్ళయింది. ఆ పాటలు మరెక్కడా లేవు. మా బళ్ళో కంప్యూటర్లన్నిటిలోనూ లినక్సే, మా ఇంట్లోనూ అదే. మా మాస్టారు ప్రతి నెలా కొత్త పాఠాలు ఇస్తూ, పెన్ డ్రైవును ఫార్మాట్ చేసి తెమ్మంటారు. దాన్ని రెండు వాటాలు చేసి, ఒక దాంట్లో పాఠాలూ రెండో దాంట్లో పాటలూ వుంచుకుంటే, ఒకటి చెరిపినా రెండోది నిలుస్తుందని మా అన్నయ్య అంటాడు. నిజమేనా? ఇంకొక సంగతి. దాని మీద 16 అని రాసి వున్నది గాని కంప్యూటరు 14.9 అనే చూపుతున్నది. కొట్టువాడు మమ్మల్ని మోసం చేశాడా?"

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. కొట్టువాడు మోసం చెయ్యలేదు. పూర్వం మన పల్లెల్లో కుంచం ఒక వూళ్ళో ఒక విధంగా, పక్క వూళ్ళో మరొక విధంగా వుండేది. ధాన్యం అదే, లెక్క మారేది. ఇక్కడా అంతే. పెన్ డ్రైవు తయారుచేసేవాడు వెయ్యి చొప్పున కొలుస్తాడు. అతని లెక్కలో ఒక జీబీ అంటే 100 కోట్ల బైట్లు, 16 జీబీలంటే 1600 కోట్లు. ఒక బైటు అంటే ఒక ఇంగ్లీషు అక్షరం పట్టే గడి అనుకోండి. కంప్యూటరు మాత్రం రెట్టింపులు చేసుకుంటూ పోతుంది కనక దానికి వెయ్యికి బదులు 1024 అనుకూలం. 1024ని మూడుసార్లు హెచ్చవేస్తే 107,37,41,824 వస్తుంది. 1600 కోట్లను దానితో భాగించి చూడండి. 14.9 వస్తుంది. గళ్ళు ఒక్కటి కూడా తగ్గలేదు. (కొన్ని పెన్ డ్రైవులలో ఇంకొంచెం తక్కువ కూడా కనిపించవచ్చు. చెడిపోయిన గళ్ళకు బదులు వాడటానికి తయారీదారు కొంత దాచి వుంచుతాడు.)

ఈ చిన్న పుల్లలోకి ఇన్ని గళ్ళు ఎలా వచ్చాయన్నది పెద్ద కథ. జపానులో తోషిబా కంపెనీలో పనిచేసిన ఫుజియో మసుఒకా అనే ఇంజనీరు దీనికి మూలపురుషుడు. కరెంటు తీసేసినా మరిచిపోని జ్ఞాపకాన్ని సిలికాన్ పలకలో ఏర్పాటు చేసే పద్ధతిని ఆయన 1984లో శాస్త్రజ్ఞుల సభలో వివరించాడు. ఎలక్ట్రాన్లను ఒక చిన్న కొట్లో బంధించి, నాలుగువైపులా విద్యుత్తు పారని గోడ కడతారు. కొట్లో ఎలక్ట్రాన్లు వున్నాయా లేవా అన్నదే అక్షరం. ఒకేసారి పెద్ద భాగాన్ని చెరపటం కెమెరా మెరుపులాగా వున్నదని దానికి ఫ్లాష్ అనే పేరు పెట్టారు. 2000లో మొదటిసారి అంగళ్ళకు వచ్చిన పెన్ డ్రైవులు కొన్నిటిలో 8 మెగాబైట్లే పట్టేవి. మన అమ్మాయి దగ్గిర వున్నది దానికి రెండువేల రెట్లు!

ఇక వాటాల సంగతి చూద్దాం.

కంప్యూటరు ఈ గళ్ళను ఒక్కొక్కటిగా చూడదు. 512 గళ్ళను ఒక మడిగా చేసుకుంటుంది. ఆ మడిని సెక్టరు అంటారు. మన పెన్ డ్రైవులో ఇటువంటి మళ్ళు 3,12,50,000 వున్నాయన్నమాట. సున్నతో మొదలుపెట్టి ప్రతి మడికీ ఒక నంబరు వున్నది, పొలాలకు సర్వే నంబర్లు వున్నట్టు.

అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు నేలను కోసి రెండు ముక్కలు చెయ్యరు గదా. ఫలానా నంబరునుంచి ఫలానా నంబరుదాకా పెద్దవాడిది, అక్కడినుంచి చిన్నవాడిది అని కాగితం మీద రాసుకుంటారు. పెన్ డ్రైవును పంచటం కూడా అటువంటిదే. ఆ కాగితం ఎక్కడ వుంటుందంటే, సున్నా నంబరు మడిలో. అందులోని 512 బైట్లలో మొదటి 446 కంప్యూటరును నిద్రలేపే చిన్న ప్రోగ్రాము కోసం. తరవాతి 64 బైట్లే మన దస్తావేజు. అందులో నాలుగు వరసలు, వరసకు 16 బైట్లు. ఒక్కొక్క వరసలో ఒక వాటా ఎక్కడ మొదలవుతుందో, ఎంత పొడుగో, ఏ రకమో వుంటుంది. అందుకే ఈ పద్ధతిలో ముఖ్యమైన వాటాలు నాలుగే చెయ్యవచ్చు. చివర మిగిలిన రెండు బైట్లూ ముద్రవంటివి. ఒకదానిలో 85, రెండోదానిలో 170 వుండాలి. ఆ రెండూ లేకపోతే కంప్యూటరు దస్తావేజు చెల్లదంటుంది. (85నీ 170నీ ఒకట్లూ సున్నలుగా రాసి చూడండి, తమాషాగా వుంటుంది.) ఈ ఏర్పాటు 1983లో ఐబీఎం వారి చిన్న కంప్యూటర్ల కోసం వచ్చింది. తరవాత జీపీటీ అనే కొత్త దస్తావేజు వచ్చింది. అందులో మామూలుగా 128 వాటాలకు చోటు వుంటుంది, డిస్కు చివర ఒక నకలు కూడా వుంటుంది. 16 జీబీల పుల్లకు పాతదే చాలు.

వాటా వేసినంత మాత్రాన పంట పండదు. గట్లు వెయ్యాలి, కాలవలు తియ్యాలి. అదే ఫార్మాట్ చెయ్యటం. ఏ ఫైలు ఏయే మళ్ళలో వున్నదో రాసుకునే పట్టికను వాటా మొదట్లో తయారుచెయ్యటమే ఆ పని. ఆ పట్టికల్లో చాలా రకాలు వున్నాయి. ఫ్యాట్ 32 అనేది 1996 నాటిది. దాన్ని విండోసూ, లినక్సూ, టెలివిజన్లూ, కారులో పాటలు పాడే పెట్టెలూ అన్నీ చదవగలవు. కాని దానిలో ఒక ఫైలు 4,29,49,67,295 బైట్లకు మించకూడదు. పెద్ద సినిమా అయితే పట్టదు, పాటకూ పాఠానికీ ఏమీ ఇబ్బంది లేదు. లినక్సుకు సొంతదైన ఎక్స్ట్ 4 ఇంకా గట్టిది. చెయ్యబోయే పనిని ముందు చిట్టాలో రాసుకుని మరీ చేస్తుంది, కనక మధ్యలో కరెంటు పోయినా పట్టిక త్వరగా సర్దుకుంటుంది.

పాటల వాటాకు ఎక్స్ట్ 4 వాడమని మీ అన్నయ్య చెప్పవచ్చు. నేను వద్దంటాను. ఎందుకంటే, ఆ పెన్ డ్రైవును ఎప్పుడో ఒకసారి ఎవరో విండోసు కంప్యూటరుకు పెడతారు. తనకు చదవటం రాని వాటా కనిపిస్తే విండోసు "దీన్ని వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యనా?" అని అడుగుతుంది. తెలియనివాడు సరేనంటాడు. అమ్మమ్మ పాటలకు అంతకంటె పెద్ద గండం లేదు. అందుచేత రెండు వాటాలూ ఫ్యాట్ 32గానే వుండనియ్యి. పాత విండోసులు పెన్ డ్రైవులో మొదటి వాటాను మాత్రమే చూపేవి. 2017లో వచ్చిన మార్పు తరవాత విండోసు 10 అన్నిటినీ చూపుతున్నది. కనక అందరికీ ఇచ్చే పాఠాలు మొదటి వాటాలోనే వుండాలి.

అయితే అమ్మాయీ, ఉత్తరంలో నువ్వు రాసిన ఒక మాట దగ్గిర నేను ఆగిపోయాను. "ఆ పాటలు మరెక్కడా లేవు" అన్నావు. మీ అన్నయ్య చెప్పింది నిజమే, ఒక వాటాను ఫార్మాట్ చేస్తే రెండో వాటా చెక్కుచెదరదు. కాని వాటాలు వెయ్యటం అంటే కొత్త దస్తావేజు రాయటం. ఇప్పుడు వున్న పాటలు ఆ పనిలోనే పోతాయి. అదీగాక పుల్ల పోవచ్చు, నీళ్ళలో పడవచ్చు. ఏళ్ళతరబడి వాడకుండా వుంచితే కొట్లలో బంధించిన ఎలక్ట్రాన్లు కొద్దికొద్దిగా జారిపోతాయి కూడా. కనక అన్నిటికంటె ముందు పాటలను మీ ఇంటి కంప్యూటరులో ఒక చోటా, వేరే వూళ్ళో వుండే పిన్నిగారో మామయ్యో వుంటే వారి దగ్గిర ఇంకొక చోటా నకలు తీసిపెట్టు. ఆ రెండు నకళ్ళూ పూర్తికాకముందు మిగతా పనిని ముట్టుకోవద్దు.

నకలు సరిగా వచ్చిందో లేదో చూడటానికి లినక్సులో డిఫ్ అనే ఆజ్ఞ వున్నది. దాని పక్కన ఒక అడ్డగీత, ఆర్ అక్షరం పెట్టి, రెండు ఫోల్డర్ల పేర్లు ఇవ్వు. తేడా వుంటే చెబుతుంది. లేకపోతే ఏమీ మాట్లాడదు. లినక్సుకు తాతవంటి యూనిక్సు 1969లో అమెరికాలో బెల్ ప్రయోగశాలలో పుట్టింది. అప్పటినుంచీ ఆ వంశం వారికి ఇదే అలవాటు. పని సవ్యంగా జరిగితే పెదవి విప్పరు. మౌనం అర్ధాంగీకారం అంటారు గాని, ఇక్కడ పూర్తి అంగీకారమే.

ఇప్పుడు పెన్ డ్రైవు పేరు తెలుసుకోవాలి. చాలామంది పప్పులో కాలు వేసేది ఇక్కడే.

యూనిక్సు వంశంలో ప్రతి పరికరమూ ఒక ఫైలులాగానే కనిపిస్తుంది. ఆ ఫైళ్ళన్నీ డెవ్ అనే ఫోల్డరులో వుంటాయి. డిస్కులకు ఎస్‌డిఎ, ఎస్‌డిబి, ఎస్‌డిసి అని పేర్లు. ఇవి పుట్టినప్పుడు పెట్టిన పేర్లు కావు. పెళ్ళిభోజనాల బంతిలో ముందు వచ్చి కూర్చున్నవాడు మొదటివాడు అయినట్టు, ముందు కనిపించిన డిస్కు ఎ, తరవాతది బి. ఇవాళ బి అయిన పెన్ డ్రైవు రేపు సి కావచ్చు. కొత్త కంప్యూటర్లలో లోపలి డిస్కుకు ఎన్‌విఎమ్‌ఇతో మొదలయ్యే వేరే పేరు వుంటుంది, అప్పుడు పెన్ డ్రైవే ఎ అవుతుంది. కనక "పెన్ డ్రైవు అంటే ఎస్‌డిబి" అని ఎక్కాలలాగా బట్టీపట్టినవాడు ఏదో ఒకనాడు ఇంట్లో ఫోటోలూ, నాన్నగారి లెక్కలూ వున్న డిస్కునే చెరిపేస్తాడు. పెద్ద అధికారంతో ఇచ్చిన ఆజ్ఞను లినక్సు ప్రశ్నించదు. ఏ డిస్కు పేరు చెబితే ఆ డిస్కు మీదనే పనిచేస్తుంది.

పెన్ డ్రైవు పెట్టకముందు ఎల్, ఎస్, బి, ఎల్, కె అనే అయిదక్షరాల ఆజ్ఞ ఇవ్వు. వున్న డిస్కులన్నీ కనిపిస్తాయి. వాటిని కాగితం మీద రాసుకో. తరవాత పెన్ డ్రైవు పెట్టి, అదే ఆజ్ఞ మళ్ళీ ఇవ్వు. కొత్తగా వచ్చిన పేరే పెన్ డ్రైవు. దాని పక్కన 14.9కి దగ్గిర అంకె వుండాలి. 465.8 అనో ఇంకేదో పెద్ద అంకె వుంటే అది నీ పెన్ డ్రైవు కాదు, ఆగిపో. కొత్తగా కనిపించినది ఎస్‌డిబి అనుకుందాం. దాని కింద ఎస్‌డిబి1 అని వుంటే అది అందులో ఇప్పుడు వున్న వాటా.

ఆ వాటా పక్కన ఒక ఫోల్డరు పేరు కూడా కనిపించవచ్చు. లినక్సులో ఫోల్డర్లన్నీ ఒకే చెట్టు. విండోసులోలాగా సి అనీ డి అనీ వేరువేరు చెట్లు వుండవు. కొత్త డిస్కు వస్తే మామిడికి అంటు కట్టినట్టు ఒక కొమ్మకు కడతారు. దాన్నే మౌంట్ చెయ్యటం అంటారు. అంటు వున్న కొమ్మను కొయ్యకూడదు కనక ముందు విప్పాలి. అందుకు ఆజ్ఞ యు, ఎమ్, ఓ, యు, ఎన్, టి. అన్‌మౌంట్ అనవలసిన చోట మొదటి ఎన్ ఏమయిందని అడగకండి! ఆ రోజులలో ఒక్క అక్షరం పొదుపు చేయగలిగితే చేసేవారు.

వాటాలు వేసే ప్రోగ్రాము ఎఫ్‌డిస్క్. సుడో అనే మాట ముందు పెట్టి, ఎఫ్‌డిస్క్ అని రాసి, పెన్ డ్రైవు పేరు ఇవ్వాలి. ఎస్‌డిబి1 అని కాదు, అంకె లేకుండా ఎస్‌డిబి అని. దస్తావేజు పొలం మొత్తానికి గాని ఒక వాటాకు కాదు గదా. ఈ ప్రోగ్రాము ఒక్కొక్క అక్షరంతో నడుస్తుంది. ముందుగా పి నొక్కు. ఇప్పుడు వున్న వాటాల మొదళ్ళూ చివరలూ చూపుతుంది. ఆ అంకెలను నోటుబుక్కులో రాసుకో. ఎందుకో తరవాత చెబుతాను. ఓ నొక్కితే ఖాళీ దస్తావేజు మొదలవుతుంది. ఎన్ నొక్కితే కొత్త వాటా. ముఖ్యమైన వాటా కనక పి, నంబరు 1. మొదలు ఎక్కడ అని అడిగితే 2048 అని తానే సూచిస్తుంది, సరే అను. ఒకటో మడినుంచి ఎందుకు మొదలు పెట్టకూడదంటారేమో. 2048 మళ్ళంటే సరిగా 10,48,576 బైట్లు. ఫ్లాష్ జ్ఞాపకం పెద్దపెద్ద చెక్కలుగా మాత్రమే చెరుగుతుంది. వాటా గట్టు చెక్క గట్టుతో కలిసి వుంటే పని తేలిక, రెండు చెక్కల మీద కాలు వేస్తే పని రెట్టింపు. చివర ఎక్కడ అంటే ప్లస్ గుర్తు, 10, జి అని రాయి. మళ్ళీ ఎన్, పి, 2. ఈసారి మొదలు 2,09,73,568 అని వస్తుంది. చివర దగ్గిర ఊరికే ఎంటర్ కొడితే మిగిలిన 4.9 అంతా రెండో వాటాకు పోతుంది. టి నొక్కి రెండు వాటాలకూ రకం సి అని చెప్పు. సి అంటే ఫ్యాట్ 32.

ఇంత చేసినా పెన్ డ్రైవులో ఇంకా ఏమీ మారలేదు! నువ్వు చెప్పిందంతా ఎఫ్‌డిస్క్ చిత్తుకాగితం మీదనే రాసుకున్నది. క్యూ నొక్కితే ఆ కాగితాన్ని చించి పారేసి బయటికి వస్తుంది, ఏ నష్టమూ లేదు. డబ్ల్యు నొక్కితే నిజంగా రాస్తుంది. కనక డబ్ల్యు నొక్కేముందు మళ్ళీ ఒకసారి పి నొక్కి, డిస్కు పేరూ సైజూ కాగితంతో పోల్చి చూసుకో. పక్కన అన్నయ్యను కూర్చోబెట్టుకుని పైకి చదివితే ఇంకా మంచిది.

తరవాత ఫార్మాట్. ఎమ్‌కెఎఫ్‌ఎస్, చుక్క, విఫ్యాట్ అనేది ఆజ్ఞ. అడ్డగీతా పెద్ద ఎఫ్ పెట్టి 32 అను. అడ్డగీతా చిన్న ఎన్ పెట్టి వాటాకు పేరు ఇవ్వవచ్చు, 11 అక్షరాలకు మించకుండా ఇంగ్లీషులో. ఈ పేరు మాత్రం తెలుగులో కుదరదు. లోపలి ఫైళ్ళ పేర్లు మాత్రం హాయిగా తెలుగులో పెట్టుకో, జోలపాట అనీ మంగళహారతి అనీ. ఈ ఆజ్ఞకు అంకెతో సహా చెప్పాలి, ఎస్‌డిబి1 అని ఒకసారి, ఎస్‌డిబి2 అని ఒకసారి. దీనికి చిత్తుకాగితం లేదు. ఎంటర్ కొట్టగానే పని అయిపోతుంది. ఇక నెలనెలా పాఠాలు చెరపవలసినప్పుడు, 1తో ముగిసే పేరుతో ఈ ఒక్క ఆజ్ఞే చాలు, ఎఫ్‌డిస్క్ అవసరం లేదు. ఆ 1 బదులు 2 పడిందో, పాటలు పోయినట్టే. అసలు మాస్టారుగారిని అడిగి, ఫార్మాట్ మానేసి పాత ఫైళ్ళను తీసేస్తే చాలునేమో కనుక్కో.

పాటలు తిరిగి ఎక్కించాక పుల్లను వెంటనే లాగవద్దు. కిరాణాకొట్టు గుమాస్తా బేరాలన్నీ ముందు చిట్టాలో గీకి, తీరిక చూసుకుని ఆవర్జాలోకి ఎక్కిస్తాడు. లినక్సు కూడా నువ్వు ఇచ్చిన ఫైళ్ళను ముందు తన జ్ఞాపకంలో వుంచుకుని నిదానంగా పుల్లలోకి పంపుతుంది. తెర మీద అయిపోయినట్టు కనిపించినా సగం చిట్టాలోనే వుండవచ్చు. అంటు విప్పే ఆజ్ఞ ఇచ్చి, అది తిరిగి వచ్చేదాకా ఆగు. ఒక్కొక్కసారి నిమిషం పైగా పడుతుంది. తరవాత మళ్ళీ పెట్టి, 27 పాటలూ వున్నాయేమో డిఫ్‌తో ఒకసారీ చెవులతో ఒకసారీ చూసుకో.

ఇక అంకెలు ఎందుకు రాసుకోమన్నానంటే, ఎవరైనా తొందరపడి డబ్ల్యు నొక్కేశారనుకోండి. చెడింది దస్తావేజే. పొలంలో పంట పంటగానే వున్నది. అదే మొదలూ అదే చివరా రాసి కొత్త దస్తావేజు తయారుచేస్తే పాత వాటా లోపలి ఫైళ్ళతో సహా తిరిగి కనిపిస్తుంది. అంకెలు తెలియకపోతే టెస్ట్‌డిస్క్ అనే ఉచితమైన ప్రోగ్రాము డిస్కంతా గాలించి పాత గట్లు ఎక్కడ వున్నాయో వెతుకుతుంది. ఫార్మాట్ కూడా అయిపోతే కష్టం ఎక్కువ. ఏ ఫైలు ఎక్కడ వున్నదో చెప్పే పట్టిక పోయింది కనక పేర్లు రావు. అయినా మళ్ళలోని అక్షరాలు అలాగే వుంటాయి. టెస్ట్‌డిస్క్‌కు తోడుగా వచ్చే ఫోటోరెక్ పాటల ఫైళ్ళ మొదలు ఎలా వుంటుందో గుర్తుపట్టి కొన్నిటిని బయటికి లాగగలదు. కాని పోయిందని తెలిసిన క్షణంనుంచి ఆ పుల్లలో ఒక్క ఫైలు కూడా కొత్తగా రాయకూడదు. కొత్తది ఎక్కడ పడితే అక్కడ పాతది నిజంగా పోతుంది.